చూసినవాడి మాట

న్యాయశాస్త్రం జ్ఞానానికి నాలుగు దారులు చెప్పింది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఈ నాలుగోది నమ్మదగినవాడి మాట. హైస్కూల్లో పిల్లలకు ఫిజిక్స్ అందేది చాలావరకు ఈ నాలుగో దారిలోనే. ల్యాబు ఉన్న బడిలో కూడా అంతే, ఎందుకంటే బల్ల మీద జరిగిన ప్రయోగం దేన్ని రుజువు చేసిందో, దేన్ని చేయలేదో చెప్పేది మళ్లీ సారే. పదిహేనేళ్ల పిల్లవాడు గురుత్వ త్వరణం 9.8 అని రాస్తే, అది వాడు కొలిచిన సంగతి కాదు, ఒకరు చెబితే నమ్మిన సంగతి. అందుకని బీఈడీలో చేరబోయే పట్టభద్రుడు ముందుగా తన ఫిజిక్స్‌ను గట్టి చేసుకోవాలా వద్దా అన్నది మనం అనుకునేటంత చిన్న ప్రశ్న కాదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి ఎల్బీనగర్ మీదుగా సాగర్ రోడ్డు వెంట తుర్కయంజాల్ దాకా అద్దె గదుల్లో, హాస్టళ్లలో టీచరు కొలువుకు చదివేవాళ్లకు అది ర్యాంకు సంగతిగానే కనిపిస్తుంది. అలా కనిపించడంలో వాళ్ల తప్పేమీ లేదు. కాని అసలు అడగాల్సింది ఇది: ఇంకొకరికి ప్రమాణంగా నిలబడే హక్కు మనిషికి ఎప్పుడు వస్తుంది?

ఈ ప్రశ్నకు మన తర్కంలో రెండు జవాబులున్నాయి, అవి ఒకటి కావు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి, అంటే నమ్మదగినవాడికి, పెట్టిన షరతులు గట్టివి. చెప్పే విషయాన్ని అతను స్వయంగా సాక్షాత్కరించుకొని ఉండాలి. చూసింది చూసినట్టు చెప్పాలన్న కోరిక అతనికి ఉండాలి. చెప్పగలిగి కూడా ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమే అని కూడా ఆయన అన్నాడు. పుట్టుక కాదు, చూపు ముఖ్యమన్నమాట. దాదాపు పన్నెండు వందల ఏళ్ల తర్వాత తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, తెలుగువాడని సంప్రదాయం చెప్పే ఆ పండితుడు, దీన్ని బాగా కుదించాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు, అంతే. ఎలా తెలిసిందని ఆయన అడగలేదు. ముండకోపనిషత్తు మాత్రం వాత్స్యాయనుడి వైపే మొగ్గుతుంది. గురువు శ్రోత్రియుడైతే చాలదు, బ్రహ్మనిష్ఠుడు కూడా కావాలంటుంది. విన్నది ఉండాలి, విన్నదానిలో నిలబడి కూడా ఉండాలి. ఇక్కడ అన్నంభట్టుకు ఒక న్యాయం చేయాలి. ఆయన రాసింది మొదటి మెట్టు మీదున్న పిల్లల కోసం. ఆ చిన్న పుస్తకం ఒక్కటే చాలదని ఆయనకే తెలుసు, కనుకే దానికి దీపిక అనే వ్యాఖ్యను తానే రాసుకున్నాడు. సంగ్రహం కంఠతా పట్టి దీపిక జోలికి పోని విద్యార్థులు అప్పుడూ ఉండే ఉంటారు.

బడి విషయానికి వస్తే అన్నంభట్టు నిర్వచనం చాలదనీ, వాత్స్యాయనుడిదే కావాలనీ నేనంటాను. పదో తరగతి పుస్తకంలోని కుంభాకార కటకాన్నే తీసుకుందాం. కటకంలో సగాన్ని నల్ల కాగితంతో మూస్తే ప్రతిబింబం ఏమవుతుంది? సగమే కనిపిస్తుందని చాలామంది అంటారు. సరైన జవాబు వేరు: బొమ్మ మొత్తం కనిపిస్తుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. బిట్ బ్యాంకులో ఈ జవాబు ఉంటుంది, చదివినవాడు దాన్ని తప్పు లేకుండా చెబుతాడు, కనుక అన్నంభట్టు లెక్కన అతను ఆప్తుడే. ఇప్పుడు వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, సగం కాకుండా సరిగ్గా మధ్యలో రూపాయి బిళ్ల అంటిస్తే ఏమవుతుంది సార్ అని అడిగిందనుకుందాం. ఇది బిట్ బ్యాంకులో లేదు. అదే నల్ల కాగితాన్ని కటకం నుంచి మెల్లగా తెర వైపు జరుపుకుంటూ పోతే? అది అసలే లేదు. ఒక భూతద్దం, వెలుగుతున్న ట్యూబ్‌లైటు, తెరగా ఒక తెల్ల కాగితం పెట్టుకుని కూర్చున్నవాడికి రెండూ కళ్లెదుటే తేలిపోతాయి. బిళ్ల అంటించినా బొమ్మ మొత్తం ఉంటుంది, మసకబారుతుందంతే. నల్ల కాగితం తెరకు దగ్గరయ్యే కొద్దీ మాత్రం ఇందాక రాని కోత ఇప్పుడు బొమ్మకు వస్తుంది, తెరను తాకేసరికి అది మామూలు నీడ అయిపోతుంది. వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ బయల్దేరిన కాంతి కటకమంతటా పరుచుకుంటుందనీ, తెర దగ్గరికి వచ్చేసరికి మళ్లీ బిందువుగా చేరుతుందనీ తెలిస్తే ఈ మూడు జవాబులు ఒక్కటే జవాబు. తెలియకపోతే మూడు వేరువేరు బిట్లు, అందులో రెండు అచ్చులో దొరకనివి. ఒక్క వాక్యం నిజంగా చెప్పినవాడికీ, ఆ వాక్యం దేనిలోంచి వచ్చిందో చూసినవాడికీ ఉన్న తేడా ఇదే. పరీక్ష హాల్లో ఈ తేడా కనిపించదు. తరగతిలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఇది తర్కంతో తేలేది మాత్రమే కాదు, లెక్కకు అందింది కూడా. ఫిలిప్ సాడ్లర్, మరికొందరు పరిశోధకులు అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెప్పే 181 మంది టీచర్లనూ, వాళ్ల దగ్గర చదివే తొమ్మిదిన్నర వేల మంది పిల్లలనూ పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలకు ఇచ్చిన ప్రశ్నలనే టీచర్లకూ ఇచ్చి రెండు సంగతులు అడిగారు: సరైన జవాబు ఏది, పిల్లలు ఎక్కువగా పడిపోయే తప్పు జవాబు ఏది. సారుకే సరైన జవాబు తెలియని చోట పిల్లలు పెద్దగా ముందుకు పోలేదు, అది ఊహించినదే. విశేషం ఏమిటంటే, బలమైన అపోహలు ఉన్న ప్రశ్నల్లో సరైన జవాబు ఒక్కటే తెలిసిన టీచర్ల కన్నా, పిల్లల తప్పు కూడా తెలిసిన టీచర్ల దగ్గర పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. మన శాస్త్రకారులకు ఇది కొత్తగా తోచేది కాదు. పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టలేనివాడికి సిద్ధాంతం చెప్పే అర్హత లేదన్నది మీమాంసలోనూ, వేదాంతంలోనూ, న్యాయంలోనూ వాదానికి మొదటి మర్యాద. ఫిజిక్స్ తరగతిలో పూర్వపక్షం పిల్లవాడిదే. దాన్ని గుర్తుపట్టాలంటే ఒకప్పుడు ఆ తప్పులోంచి తానే నడిచి బయటికి వచ్చి ఉండాలి. జవాబు బట్టీపట్టినవాడు ఆ దారిన నడవలేదు కనుక, పిల్లవాడి తప్పు అతనికి మొద్దుతనంగా కనిపిస్తుంది.

మన ఏర్పాట్లు దీన్ని ఎంతవరకు కొలుస్తున్నాయి? తెలంగాణ ఎడ్‌సెట్‌లో ఫిజిక్స్ వాటా చిన్నది. బీఎస్సీ వాళ్లతో పాటు బీటెక్ వాళ్లూ వస్తారు, ఏ మెథడాలజీ తీసుకోబోయేవారైనా రాసేది ఒకే పేపరు. 2024 తెలంగాణ డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పరీక్షకు 160 బిట్లు, 80 మార్కులు, రెండున్నర గంటల సమయం. 88 బిట్లు కంటెంట్‌వి, 32 మెథడాలజీవి. బిట్టుకు నిమిషం కూడా పడదు. ఫిజికల్ సైన్స్ అభ్యర్థికి ఆ కంటెంట్‌లోనే కెమిస్ట్రీ కూడా సర్దుకోవాలి. లక్షల మందిని వడగట్టాల్సిన పరీక్ష ఇంతకన్నా వేరుగా ఉండటం కష్టమే, దాన్ని తిట్టి లాభం లేదు. అది అన్నంభట్టు పెట్టిన పరీక్ష, ఉన్నది ఉన్నట్టు చెప్పగలవా అని మాత్రమే అడుగుతుంది. వాత్స్యాయనుడి పరీక్ష ఎవరూ పెట్టరు. దాన్ని ఎవరికి వారే పెట్టుకోవాలి, దానికి మార్కులు లేవు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. అన్నీ సాక్షాత్కరించుకున్నవాడే చెప్పాలంటే ఎవడూ ఏమీ చెప్పలేడు. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని మిల్లికన్ కొలిచాడు, మన ఫిజికల్ సైన్స్ సారు కొలవలేదు, కొలవడు కూడా. సైన్సే పెద్ద శబ్దప్రమాణం, ఒకరి మాట మీద ఇంకొకరు నిలబడే కట్టడం. నిజమే. కాని ఎనిమిది నుంచి పది దాకా ఉన్న పాఠాలు తిరగేస్తే, చేతికి అందనిది కొంతే. అద్దాలు, కటకాలు, బల్బులు, బ్యాటరీలు, అయస్కాంతాలు, జారే బల్లలు, తేలే చెక్కలు, అన్నీ గదిలో పట్టేవే. అందని చోట కూడా, ఏ అనుమానం మీద మనం ఆ మాట నమ్ముతున్నామో చెప్పడం చూపులో భాగమే. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు శబ్దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు. చెప్పినవాడి విశ్వసనీయతను బట్టి మనం చేసే అనుమానమే అది అన్నాడు. ఆ బౌద్ధుడి మాటను తరగతిలో పెట్టి చూడండి. కటకం గురించి సారు తెలిసీ తెలియకుండా దబాయిస్తే, పిల్లలు కటకం ఒక్కదాన్నే కాదు, ఎలక్ట్రాన్‌ను కూడా నమ్మడం మానేస్తారు. లేదా, అది ఇంకా చెడ్డది, నిజమేదో దబాయింపేదో తేడా లేకుండా అన్నింటినీ ఒకేలా నమ్మడం నేర్చుకుంటారు. అందే చోట చూసినవాడి మాటకే అందని చోట విలువ ఉంటుంది.

ఇంకో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచి వస్తుంది: చెబుతూ చెబుతూ అదే వస్తుంది, ముందే అంతా నేర్చుకుని ఎవరొచ్చారు? దీనికి శాస్త్రబలం కూడా ఉంది. తెలుగునాట ఎక్కువగా చదివే తైత్తిరీయోపనిషత్తులోనే, శీక్షావల్లిలోని ఒక అనువాకం ప్రతి ధర్మం పక్కనా స్వాధ్యాయాన్నీ ప్రవచనాన్నీ జంటగా చేర్చి చెబుతుంది. ఆ రెండే అసలు తపస్సని నాక మౌద్గల్యుడి మతంగా ముగిస్తుంది. చదవడం ఆగాక చెప్పడం మొదలవుతుందని ఆ అనువాకం అనదు, రెండూ కలిసి నడుస్తాయంటుంది. నేనూ ఒప్పుకుంటాను. కాని స్వాధ్యాయం లేని ప్రవచనాన్ని అది ఎక్కడా సమర్థించలేదు. అదీగాక, బల్ల అవతలికి వెళ్లాక నేర్చుకోవడానికి రెండు అడ్డంకులు వస్తాయి. ఒకటి తీరిక. బీఈడీ రెండేళ్లూ పీరియడ్ ప్లాన్లు, రికార్డులు, ఇంటర్న్‌షిప్పులతో నిండిపోతాయి. మెథడాలజీ పుస్తకం పాఠం ఎలా చెప్పాలో చెబుతుందిగాని, పాఠం వచ్చేసిందనే అనుకుంటుంది. రెండోది హోదా. సారు అని పిలిపించుకోవడం మొదలయ్యాక, నాకు ఇది రాదు అని తనతో తాను అనుకోవడం కూడా కష్టమవుతుంది. ఈలోగా మొదటి రెండు మూడు బ్యాచుల పిల్లలు ఆ నేర్చుకోవడానికి ఖర్చు భరిస్తారు. ఆ ఖర్చుకు వాళ్లు ఒప్పుకోలేదు, వాళ్లను ఎవరూ అడగలేదు. ఫిజిక్స్ టీచర్ల కొరతతో ఇంగ్లండు ప్రభుత్వం చేసిన పని ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. శిక్షణలో చేరబోయేవారికి సబ్జెక్టు బలహీనంగా ఉంటే 8 నుంచి 28 వారాల కోర్సును ప్రభుత్వ ఖర్చుతో ముందుగా చదివిస్తుంది. మన దగ్గర అలాంటి మెట్టు లేదు. సబ్జెక్టునూ శిక్షణనూ కలిపి చెప్పే నాలుగేళ్ల ఐటెప్ కోర్సులు వచ్చాయిగాని, డిగ్రీ ముందే అయిపోయినవారికి అవి అక్కరకు రావు.

మిగిలింది డబ్బు మాట, నాకు అన్నింటికన్నా బరువుగా తోచేదీ అదే. 2017లో టీచరు కొలువులకు టీఆర్‌టీ నోటిఫికేషన్ వచ్చాక తెలంగాణలో మళ్లీ 2023 దాకా రాలేదు. అదీ రద్దయి, 11,062 పోస్టులతో 2024 ఫిబ్రవరిలో కొత్తది పడింది. హాస్టల్ ఫీజు కడుతూ అన్నేళ్లు కాచుకున్నవాడికి, ఇంటి దగ్గర అడిగేవాళ్లకు జవాబు చెప్పుకోలేనివాడికి, భూతద్దం పట్టుకుని కూర్చో అని ఉపదేశించడం సుఖంగా ఉన్నవాళ్ల వేదాంతం కాదా? కొంతవరకు అవును. నోటిఫికేషన్ పడ్డాక ఎవరైనా బిట్లే చదవాలి, చదవనివ్వాలి. నేను అడిగేది దానికి ముందున్న నెలల గురించి, ముఖ్యంగా ఎడ్‌సెట్ రాసి కాలేజీలో సీటు కోసం చూసే రోజుల గురించి. కావలసిన సామాను కోఠీ గుజరాతీ గల్లీలో కొద్ది డబ్బుకే దొరుకుతుంది. ఖర్చయ్యేది ఎక్కువగా ఓపికే. ఎంత చదివితే చాలు అనడానికి డిగ్రీ మార్కులు కొలత కావు. పాఠం తీసుకుని, ఇందులో పిల్లవాడు ఏ తప్పు చెబుతాడు, ఆ తప్పు వాడికి ఎందుకు సబబుగా తోస్తుంది అని రాసుకోగలగాలి. పైకి విసిరిన బంతి పైన ఆగిన క్షణంలో త్వరణం సున్నా అని వాడు ఎందుకంటాడు? వేగం లేనిచోట త్వరణం ఏముంటుందని. శ్రేణిలో కలిపిన రెండు బల్బుల్లో మొదటిది కరెంటు తినేస్తుందని ఎందుకంటాడు? రోజూ ఇంట్లో వినే మాటే అది, మీటరు తిరుగుతోంది, కరెంటు ఖర్చవుతోంది అని. ఈ రెండింటికీ జవాబు మాత్రమే రాసుకున్న కాగితం ఒక పూటలో నిండుతుంది. పిల్లవాడి వైపు నుంచి రాసుకుంటూ పోతే గమన నియమాల పాఠానికి ఒక వారం చాలదు, విద్యుత్తుకు ఇంకా ఎక్కువే పడుతుంది.