పరవాసి గృహము

పరదేశమునకు పోయి స్థిరపడినవాడు ఆ పట్టణమును తన ఊరని పిలువవచ్చునా? విశ్వాసులు భూమిమీద పరదేశులును యాత్రికులునై యున్నారని హెబ్రీ పత్రిక బోధించును. బబులోను చెరలో నున్నవారు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ పట్టణ క్షేమముకొరకు ప్రార్థింపవలెనని యిర్మీయా వ్రాసిన లేఖయు అదే పరిశుద్ధ గ్రంథములో నున్నది. ఈ రెంటిని ఒక్క జీవితములో ఇముడ్చుట సులభము కాదు.

దక్షిణ ఇటలీలోని నేపుల్స్ పట్టణము మొదటినుండియు వలసవచ్చినవారిదే. గ్రీకులు దానిని కట్టి 'క్రొత్త పట్టణము' అని పేరుపెట్టిరి. దానికి పడమట నున్న పొతియొలీ రేవున ఖైదీయైన పౌలు దిగినప్పుడు, అచ్చటి సహోదరులు ఏడు దినములు తమయొద్ద నుండుమని అతని బ్రతిమాలిరి. నేడు అదే నేపుల్స్‌లో వేలకొలది శ్రీలంక వాసులు కాపురముండి, ఇండ్లలో పనిచేసి జీవించుచున్నారు.

ఈ పట్టణమును తన ఊరుగా చేసికొన్నవారిలో హువాన్ దె వాల్దెస్ ఒకడు. ఈ స్పెయిన్ దేశస్థుడు 1529లో క్రైస్తవ బోధను గూర్చి ఒక గ్రంథము ప్రచురించి, మతవిచారణాధికారుల అనుమానమునకు గురియై, స్వదేశము విడిచెను. 1535 ప్రాంతమున నేపుల్స్ చేరి, 1541లో మరణించువరకు అచ్చటనే యుండెను. ఆయన పాదిరి కాడు, ప్రసంగపీఠ మెక్కలేదు. ఆయన చుట్టు చేరి లేఖనములను ధ్యానించిన మిత్రులలో బెర్నార్దినో ఒకీనో, పీటర్ మార్టిర్ వెర్మీలి, జూలియా గొన్జాగా అను ప్రభుస్త్రీ ముఖ్యులు. కీర్తనలను హెబ్రీ నుండియు, రోమా పత్రికను గ్రీకు నుండియు ఆయన అనువదించెను. అదియు ఇటలీ భాషలోనికి కాదు, తన స్పానిష్ భాషలోనికే. స్పానిష్ భాషను గూర్చి ఆయన సంభాషణ రూపమున వ్రాసిన గ్రంథములో ప్రశ్నలడుగువారిలో ఇటలీవారును ఉన్నారు. అది 1737 వరకు అచ్చుకాలేదు. పరదేశములో ఇల్లు దొరికినవాడు మాతృభాషను మరువనక్కరలేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

అయితే ఒక సంగతి దాచరాదు. నాడు నేపుల్స్ స్పెయిన్ చక్రవర్తి పాలనలో నుండెను. తన రాజు ఏలుచున్న ఊరిలో స్వగృహ భావము కలుగుట గొప్ప సంగతి కాదు. ఆ ఊరివారు ఆ పాలనను అదే కన్నుతో చూడలేదు; 1547లో స్పానిష్ ప్రతినిధి మతవిచారణ న్యాయస్థానమును స్థాపింప జూచినప్పుడు వారు తిరుగబడిరి. వాల్దెస్ హృదయశాంతి నిజమైనదే. దానికి కాపలా కాసిన కత్తియు నిజమైనదే. ఆతిథ్యము పొందుట వేరు, ఆధిపత్యపు నీడలో కూర్చుండుట వేరు. ధనిక దేశమునుండి పేద దేశమునకు పోయి అచ్చట సుఖముగా నుంటిమని చెప్పువారు ఈ భేదమును తరచు మరతురు.

వాల్దెస్ మరణించిన మరుసటి సంవత్సరమే రోమాలో విచారణ సభ ఏర్పడగా ఒకీనో, వెర్మీలి ఇరువురును ఆల్ప్స్ పర్వతములు దాటి పారిపోయిరి. జూలియా కదలలేదు.

నేపుల్స్‌లోనే పుట్టి పెరిగిన గలెయాత్సో కరాచ్చోలో కథ మరింత కఠినమైనది. వెర్మీలి బోధవలన మారుమనస్సు పొందిన ఈ కులీనుడు 1551లో తండ్రిని, భార్యను, ఆరుగురు బిడ్డలను విడిచి జెనీవాకు పోయెను. స్పెయిన్ వాడు స్వగృహము కనుగొనిన ఊరు, ఆ ఊరివానికే పరాయిదాయెను. కాల్విన్ 1556లో కొరింథీయుల మొదటి పత్రిక వ్యాఖ్యానమును అతనికి అంకితము చేసెను. గలెయాత్సో భార్యను రమ్మని వేడుకొనెను, ఆమె రాలేదు. జెనీవా అధికారులు విడాకులిచ్చిన పిదప అతడు 1560లో మరల వివాహమాడెను.

అతని త్యాగమును కొనియాడు పుస్తకములు ఆమెను మొండిదానిగా చూపును. ఇది న్యాయము కాదు. ఊరు విడుచునట్టి పిలుపు అతనికి వచ్చెను. ఆమెకు వచ్చినదని ఎవరు చెప్పగలరు? విశ్వాసముకొరకు ఇల్లు విడిచినవాని వెల లెక్కింపబడినది; ఇంట మిగిలినవారు చెల్లించిన వెలను ఎవరును వ్రాసియుంచలేదు. గలెయాత్సో జెనీవాలోని ఇటలీ భాషా సంఘమునకు పెద్దగా నుండి, తన ఊరి మాటలలోనే ప్రార్థన చేయుచు 1586లో అచ్చటనే మరణించెను.