శిలాసాక్ష్యము

1911 జూన్ 28వ తేదీన ఈజిప్టు దేశమందలి నఖ్లా ప్రాంతమున ఆకాశమునుండి రాళ్లు రాలినవి. అవి అంగారక గ్రహమునుండి వచ్చినవని శాస్త్రజ్ఞులు తరువాతి కాలమున గుర్తించిరి. సుమారు 130 కోట్ల సంవత్సరముల క్రితము లావా గడ్డకట్టి ఏర్పడిన శిల అది. దాని పగుళ్లలో నీటి స్పర్శవలన పుట్టిన తుప్పువన్నె బంకమన్ను, లవణములు కనిపించినవి.

అయితే ఆ నీరు ఏ లోకమునది? భూమిపై పడిన రాతికి ఇచ్చటి తేమ సోకదా? సమాధానము ఆ రాతియందే కలదు. వాయుమండలమున దూసుకొని వచ్చునపుడు పైభాగము కరగి నల్లని పెంకు కట్టినది. బంకమన్ను చారలు ఆ పెంకును చేరుచోట వేడికి మాడియున్నవి. కనుక అవి నేలను తాకుటకు పూర్వమే ఉన్నవనియు, అంగారకునిపై ఒకప్పుడు నీరుండెననియు తేలినది.

పాఠక మహాశయులారా! క్రొత్తగా ఇంట అడుగిడిన కోడలియందు కోపము కనిపించినచో, "పుట్టింటి పెంపకము" అని వెంటనే నిందింతుము. అది వెంట వచ్చినదా, మన మాటల వలన ఇచ్చట పుట్టినదా అని విచారింపము. మరక కనిపించుట సత్యమే. అది ఎచ్చటిదో తెలియక తీర్పు చెప్పుట అధర్మము. రాతికి చూపిన ఓర్పును మనిషికి చూపకుండుట న్యాయమా?