ఎడమచేతిని వినండి

రాత్రి రెండు దాటింది. అటు తిరిగారు, ఇటు తిరిగారు, దిండు బోర్లించారు. పిల్లల ఫీజు, నాన్నగారి బీపీ, నిన్న ఎవరో అన్న మాట... ఒకటి పోతే ఇంకొకటి. ఫోను తీసి టైము చూసి మళ్ళీ పెట్టేశారు కదూ?

నిద్రపట్టని మనిషి కోసమే పుట్టిందని చెప్పుకునే సంగీతం ఒకటుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో చర్చి సంగీతం చూసుకునే బాఖ్, రెండు మెట్ల వరసలున్న హార్ప్సికార్డ్ అనే వాద్యం కోసం రాసి 1741లో అచ్చు వేయించాడు. గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ అంటారు. నిద్రలేమితో బాధపడే ఒక రాయబారి, రాత్రుళ్ళు ఆయన కోసం దాన్ని వాయించిన గోల్డ్‌బెర్గ్ అనే కుర్రాడు... ఈ కథ బాఖ్ పోయిన యాభై ఏళ్ళ తర్వాత పుస్తకానికెక్కింది. నిజమో కాదో పండితులకు అనుమానమే. అచ్చు ప్రతి మీద మాత్రం, సంగీతం ఇష్టపడేవాళ్ళ మనసు సేదదీరడానికని ఉంది. మనకది చాలు.

మొదట నెమ్మదైన పాట ఒకటి వస్తుంది. తర్వాత దాని మీద ముప్ఫై మార్పులు. మొదటిసారి విన్నప్పుడు నేను తికమకపడ్డాను. ఆ తీయని పాట ఎటు పోయింది? కుడిచేతి స్వరాల్లో ఎంత వెతికినా దొరకలేదు.

దొరకదు కూడా. బాఖ్ పట్టుకున్నది పైన వినిపించే పాటను కాదు, దాని కింద ఎడమచేతిలో నడిచే మంద్రస్వరాల వరసను. పైన ఒకసారి నాట్యం, ఒకసారి ఉరుకులు పరుగులు, ఒకసారి ఒక గొంతు వెనకే ఇంకో గొంతు అదే పాట అందుకోవడం. కింద దారి మాత్రం అదే.

ఇరవైఐదోది చాలా నెమ్మది, చాలా దుఃఖం. అక్కడ ఆ కింది స్వరాలు కూడా జారిపోతున్నట్టు, మరుగున పడ్డట్టు ఉంటాయి. అయినా దారి తప్పవు.

మీరిప్పుడు అక్కడే ఉన్నారా? దేవుడు చెయ్యి వదిలేశాడనిపిస్తోందా? నిన్నటి సంతోషం ఏ స్వరంలో వినిపించిందో అక్కడే ఆయన్ని వెతుకుతున్నారేమో. ఆ మంద్రస్వరాల్లాగే ఆయన కిందినుంచి మోస్తున్నాడు.

నాకు మరీ ఇష్టమైనది ముప్ఫైయోది. అంత విద్వత్తు చూపించాక చివరికొచ్చేసరికి బాఖ్ జనం పాడుకునే సరదా పాటలు కలిపేశాడు. వాటిలో ఒకటి క్యాబేజీ, ముల్లంగి లాంటి దుంపలు తిని విసిగి ఇల్లు వదిలినవాడి పాట! వంటింటి గొణుగుడుకి కూడా అదే మంద్రం ఆసరా ఇచ్చింది. మీ గొణుగుడు దేవుడికి భారమా చెప్పండి?

ఆ తర్వాత మొదటి పాట మళ్ళీ వస్తుంది, ఒక్క స్వరం మారకుండా.

రేపు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోగా, నిన్నటి నుంచి మారకుండా నిలిచినది ఒక్కటి ప్రభువుకు చెప్పుకుందాం. ఒక్కటే. నేనూ చెబుతాను.

ఇక లైటు ఆర్పేయండి. ఆ ఫోను కాస్త దూరంగా పెట్టండి. ఆయన మేలుకునే ఉన్నాడు.