పొయ్యి ఎత్తు ఎవరి కొలత?

పొయ్యిని నేల మీంచి గట్టు మీదికి ఎక్కించడం స్త్రీకి మేలు చేయడమేనా? నడుం వంచి, గొట్టంతో నిప్పు ఊదుతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ వండిన తరాల్ని చూసినవాళ్ళకి ఇందులో అడగడానికేముంది అనిపిస్తుంది. కానీ వంటింట్లో జరిగే ఏ మేలునైనా రెండు ప్రశ్నలు వేసి చూడాలంటాను. ఆ మేలుకి కొలత ఎవరిది? అది ఎవరి దగ్గర ఆగిపోయింది?

కోనసీమలో గ్యాసు వచ్చాక కూడా పెరటి పొయ్యి పోలేదు. కొబ్బరి మట్టలూ డొక్కలూ దొడ్లోనే దొరుకుతాయి కనుక స్నానాల నీళ్ళకీ, పండగనాటి పెద్ద గిన్నెలకీ అదే దిక్కు. రెండేళ్ళ కిందట అమలాపురం దగ్గర మా ఇంటి పెరటి వసారాలో ఇటుకలతో గట్టు పొయ్యి కట్టించాం. "గట్టు రెండున్నర అడుగులండి, ఎక్కడైనా అంతేనండి" అన్నాడు తాపీమేస్త్రి. అది గ్యాసు స్టవ్వు పెట్టుకునే గట్టు లెక్క. టేపు తీసుకుని కూడి చూశాను. గట్టు 30 అంగుళాలు, దానిమీద ఇటుక పొయ్యి 9, ఆపైన అన్నం గిన్నె మరో 9. గిన్నె అంచు 48 అంగుళాల దగ్గర తేలింది. మా అత్తయ్యగారు అయిదడుగుల మనిషి. అంటే మరిగే ఎసరు ఆవిడ భుజాల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణించి గిన్నె దించి గంజి వార్చాలి!

నిలబడి పనిచేసేటప్పుడు చేతులు మోచేతికి కాస్త కిందుగా ఆడాలని శ్రమశాస్త్రం చెబుతుంది. ఆవిడ మోచెయ్యి ఎత్తు 38 అంగుళాలు. వెనక్కి లెక్కేస్తే గట్టు 18 అంగుళాలుంటే చాలు. "అది గట్టు కాదండి, అరుగండి" అని నవ్వాడు మేస్త్రి. అరుగే కట్టమన్నాం. నిప్పు తగిలే వరసలకి సిమెంటు వద్దనీ, వేడికి బీటలిస్తుందనీ, బంకమట్టిలో ఊక కలిపి పెట్టమనీ చెప్పింది కూడా అత్తయ్యగారే.

ఆ మాట దగ్గరే నా ఆలోచన ఆగింది. మట్టి పొయ్యిలు వేసుకున్నంతకాలం ఆ విద్య ఆడవాళ్ళది. ఎవరి గిన్నెకి తగ్గట్టు వాళ్ళు వేసుకునేవారు, పగిలితే మెత్తుకునేవారు, పొద్దున్నే అలికి ముగ్గు పెట్టుకునేవారు. దాన్నొక విద్యగా ఎవరూ లెక్కించలేదు, చాకిరీలో భాగమనుకున్నారు. పొయ్యి ఇటుకల్లోకి మారి పైకి లేచేసరికి కొలత ఆమె చేతిలోంచి మేస్త్రి టేపులోకి వెళ్ళింది.

ప్రభుత్వాల దగ్గరా ఇదే కథ. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం పొయ్యి రూపొందించి, 1953లో దానిమీద చిన్న పుస్తకం వేశారు. 1983 చివర మొదలై 2002 దాకా నడిచిన జాతీయ పథకం కింద దేశంలో కోట్ల పొయ్యిలు పెట్టించారు. ఒడిశా గ్రామాల్లో ఇలాంటి పొయ్యిల మీదే హన్నా, డఫ్లో, గ్రీన్‌స్టోన్‌లు చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. మొదటి ఏడాది తగ్గిన పొగ ఆ తర్వాత తగ్గినట్టు లేకపోయింది. పొయ్యిల్ని క్రమంగా వాడలేదు, బాగుచేసుకోలేదు అని వాళ్ళు తేల్చారు. దీన్ని ఆడవాళ్ళ అజ్ఞానమని చదవడం తేలిక. తనది కాని కొలతతో వచ్చిన వస్తువుని ఆమె ఎందుకు కాపాడుకోవాలి అని నాకనిపిస్తుంది. పొగ మాత్రం అబద్ధం కాదు. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

వంట సుఖమైతే స్త్రీ వంటింట్లోనే స్థిరపడిపోతుందని వాదించే మిత్రులున్నారు. ఆ వాదంలో బలముంది. కానీ పని పంచుకునే రోజు వచ్చేదాకా నడుం నొప్పిని వాయిదా వెయ్యమని ఎవరినీ అడగలేం. ఊరటని విముక్తి అనుకోకుండా ఉంటే చాలు.

"పొయ్యి మరీ కిందికుంది, నాకు నడుం పట్టేస్తోంది" అన్నారు మావారు, ఒకరోజు నీళ్ళు కాచి. నేల పొయ్యి దగ్గర వాళ్ళమ్మగారి నడుం నలభై ఏళ్ళు పట్టేసినప్పుడు అది పొయ్యి తప్పని ఎవరికీ తోచలేదు. ఆయనకి తగిన ఎత్తులో రెండో పొయ్యి కడదామన్నాను. ఇటుకలు మిగిలే ఉన్నాయి. ఇంకా జవాబు రాలేదు.

మేలు ఎక్కడ ఆగిందన్న ప్రశ్నకి జవాబు మా ఇంట్లోనే పూర్తికాదు. ఆ ఇటుకలు తలమీద మోసిన కూలీ స్త్రీ మధ్యాహ్నం ఇసక కుప్ప పక్కన మూడు ఇటుకలు పేర్చి, నేలమీద గొంతుక్కూచుని అన్నం వండుకుంది. మా గట్టు కొలత కోసం అంత వాదించిన నేను ఆమెని అడగాల్సిన ప్రశ్న పొయ్యి ఎత్తు గురించి కాదు. కూలి ఎంత, ఇల్లుందా, ఉంటే దాని స్థలం ఎవరి పేరున ఉంది అని. స్త్రీకి తగిన పొయ్యి అని మనం రాసేటప్పుడు ఏ స్త్రీని పక్కన నిలబెట్టుకుని కొలుస్తున్నామో కూడా చెప్పాలి.