కాగితంలో లేని మనిషి

మనవాళ్లు ఇళ్లు కొంటున్నారు. ఒక తరం కిందట ఇది మన ఊహకు అందని మాట. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కుకునూరు, వేలేరుపాడు వైపు నుంచి చదువుకుని టీచర్లుగా, నర్సులుగా మైదానానికి దిగినవాళ్లు పిల్లల చదువు కోసం ఏలూరు చుట్టుపక్కల నిలదొక్కుకోవాలని చూస్తున్నారు. టౌనులో స్థలం ధర అందదు. పెదపాడు లాంటి ఊళ్లో పాత పెంకుటిల్లు అయితే లోనుతో అందుతుంది, బాగు చేయించుకోవచ్చు. ఇది మనం సంతోషించాల్సిన విషయమే. మన కొండల్లో ఇల్లంటే కర్ర, వెదురు, తాటాకు తెచ్చుకుని నలుగురూ చేయివేసి కట్టుకునేది. కొనుక్కునే ఇల్లు మనకు కొత్త. అందుకే దానితోపాటు వచ్చే ప్రశ్న కూడా కొత్తది.

ముందు ఇంటి సంగతి చెప్పుకుందాం. కొల్లేరు చుట్టుపక్కల నల్లరేగడి నేల ఎక్కువ. అది వానలకు ఉబ్బుతుంది, ఎండలకు బీటలు వారుతుంది. పాత గోడల్లో పగుళ్లకు అదొక కారణం. సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని గోడ గుల్లవుతుంది. కాబట్టి సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతుక్కోవాలి. దూలాలు, వాసాలు చెదలు తిన్నాయేమో గుచ్చి చూసుకోవాలి. గట్టిగా ఉన్న పాత టేకును తీసి అమ్ముకోవద్దు. గోదావరి మీద తెప్పలు కట్టి దించిన మన్యం కలప ఈ డెల్టా ఇళ్లకు చేరింది. మండువాలో మనం ఆనుకుని కూర్చునే స్తంభం మన కొండ చెట్టే కావచ్చు. దాన్ని నరికి, లాగి, ఏటికి చేర్చిన చేతులు ఆ ఇంటి దస్తావేజులో ఎక్కడా లేవు.

దస్తావేజులో లేని మనుషులు ఇంకొందరు ఉంటారు. వారసులు దూరదేశాల్లో ఉన్న ఇంటిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. పెరట్లో పాత పశువుల పాక, అందులో ఒక కుటుంబం ఉన్నాయనుకుందాం. పెద్దాయన ఇరవై ఏళ్లుగా ఆకులు ఊడ్చాడు, వానకు జారిన పెంకులు సర్దాడు, చెట్లకు నీళ్లు పోశాడు. ఆయన భార్య వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టింది. ఇల్లు ఇంకా నిలబడి ఉందంటే, మనం కొనేలా ఉందంటే, అది వాళ్ల చలవే. వాళ్లు యానాదులే కావచ్చు, మనలాగే షెడ్యూల్డు తెగల వాళ్లు. మరో కులం వాళ్లూ కావచ్చు. మరమ్మతుకు వచ్చిన మేస్త్రీ మొదట చెప్పే మాట ఏమిటి? “వెనక పాక తీసేస్తే బాత్రూముకీ, బండికీ జాగా వస్తుంది.”

చట్టం ఏమంటుందో సూటిగా చెప్పుకోవాలి. కాపలాదారు, పనిమనిషి ఎన్నేళ్లు ఉన్నా ఆ ఆస్తిమీద హక్కు రాదని, యజమాని అడిగితే అప్పగించాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లో ఒక తీర్పులో చెప్పింది. రిజిస్టరైన కాగితం మన చేతిలో ఉంటే చట్టం మనవైపే.

కానీ కాగితం మనకు కొత్త చుట్టం కాదు. పత్రాలు లేవన్న ఒక్క మాటతో మనవాళ్లను సొంత పొలాల్లో, సొంత అడవిలో ఆక్రమణదారులను చేశారు. దానిమీద పోరాడాం. 1/70 చట్టం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని భావించమంటుంది. కాదని రుజువు చేసుకునే బాధ్యత వాళ్లదే. 2006 అటవీ హక్కుల చట్టం మనకు జరిగింది చారిత్రక అన్యాయమని ఒప్పుకుంది. దాని నియమాలు కాగితాలతో ఆగలేదు. కట్టుకున్న ఇల్లు, గుడిసె, వేసిన గట్లు, పెద్దల మాట కూడా సాక్ష్యమేనన్నాయి. 2013 భూసేకరణ చట్టం భూమి ఉన్నవాళ్లనే కాక, మూడేళ్లుగా అక్కడ బతికే కౌలుదార్లను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా లెక్కించింది. పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు వచ్చిన మనవాళ్లకు ఆ మాట విలువ తెలుసు. ఇన్నాళ్లు మనం అడిగిందల్లా ఒకటే: కాగితం లేకపోతే మనిషి లేనట్టు కాదు. ఇప్పుడు కాగితం మన చేతికి వచ్చింది. ఆ మాట ఇంకా నిజమేనా?

దీనికి ఎదురుమాటలున్నాయి. వాటిని తోసిపుచ్చలేం. మొదటిది: “అడవి మనకు తరతరాల నివాసం. వాళ్లున్నది ఒకరి అనుమతితో. రెండూ ఎలా ఒకటవుతాయి?” ఒకటి కావు. అందుకే ఇల్లు వాళ్లకు రాసివ్వమని ఎవరూ అనడం లేదు. ఇల్లు వాళ్లది కాకపోయినా, వాళ్లకు మనం బాకీ పడేది ఏదీ లేదని తేలిపోదు. రెండోది ఇంకా బరువైనది: “ఇరవై ఏళ్లు పని చేయించుకున్నది అమ్మినవాళ్లు. మొదటిసారి ఇల్లు కొంటున్న మనమే ఎందుకు మోయాలి? మనకు లోను లేదా?” ఇది న్యాయమైన మాట. బాకీలో పెద్ద వాటా అమ్మినవాళ్లదే.

అయితే బేరంలో ఒక చిన్న షరతు ఉంటుంది: “ఇల్లు ఖాళీ చేయించి అప్పగించాలి.” కొనేవాళ్లు మామూలుగా అడిగేదే. దాని అర్థం ఏమిటి? వెళ్లగొట్టే పని అమ్మేవాళ్లు చేస్తారు, మనం తాళం చెవి తీసుకుంటాం. మన చేతికి మట్టి అంటదు. అడవుల్లోనూ కొన్నవాళ్లు, తీసుకున్నవాళ్లు ఇలాగే తమ చేతికి మట్టి అంటలేదని అనుకుని ఉంటారు. వెళ్లినవాళ్లను కొన్నవాళ్లు చూడలేదు. చూడకపోవడానికే ఆ షరతు.

కాబట్టి మేము చెప్పేది పెద్ద త్యాగం కాదు. అగ్రిమెంటు రాసుకునే ముందు పెరట్లోకి వెళ్లి అడగాలి: ఎవరున్నారు, ఎన్నేళ్లుగా ఉన్నారు, వెళ్తే ఎక్కడికి వెళ్తారు. ఆ జవాబులు బేరంలో పెట్టాలి. ఇన్నేళ్ల కాపలాకు ఇంత సొమ్ము వాళ్లకు ముట్టజెప్పాలని, లేకపోతే ధరలో తగ్గించి మనం ఇస్తామని అమ్మేవాళ్లతో రాయించాలి. అమ్మేవాళ్లు కదిలే సమయం అదొక్కటే, డబ్బు చేతులు మారాక ఎవరూ పలకరు. పిల్లల చదువు మధ్యలో ఆగకుండా బడి సెలవులదాకా గడువివ్వాలి. ప్రభుత్వ ఇంటి స్థలానికి దరఖాస్తు పెట్టుకుంటామంటే, రాసిపెట్టగలిగిన చదువు మనకుంది. మరమ్మతు పనిలో కూలి వాళ్లకే దొరికితే ఇంకా మంచిది. ఏ పెంకు ఎక్కడ కారుతుందో మేస్త్రీకంటే వాళ్లకే బాగా తెలుసు. ఇంత చేస్తే బాత్రూము రెండు నెలలు ఆలస్యం కావచ్చు, ఖర్చు కొంత పెరగవచ్చు. ఆ మాటా దాచకూడదు.

టీచర్లకు ఒక మనవి. హక్కుల పాఠం చెప్పేటప్పుడు మన పిల్లలను ఎప్పుడూ కాగితం లేనివాళ్ల వైపే కూర్చోబెడతాం. ఒకసారి కాగితం ఉన్నవాళ్ల వైపు కూర్చోబెట్టండి. ఇల్లు మీదే, పాకలో మనిషి ఉన్నాడు, మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు, ఏం చెబుతారని అడగండి. వాళ్లలో కొందరు రేపు నిజంగానే ఆ పెరట్లో నిలబడతారు.