దండోరా వెయ్యాలా, బొట్టు పెట్టి పిలవాలా

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నీ సంబరం విన్నాను. ఫంక్షన్ నెత్తిన ఒక్క రిసీవర్ డెకరేటర్ పెట్టేసరికి, ఆర్డర్ సేవ్ అయిన ప్రతిసారీ కస్టమర్‌కి ఎస్సెమ్మెస్ దానంతటదే పోతోందన్నావు. వ్యూలో ఒక్క లైను కూడా ముట్టుకోలేదని మురిసిపోయావు. ఆ మురిపెం నాకు కొత్త కాదులే. 2011లో జాంగో 1.3తో ఆ డెకరేటర్ వచ్చినప్పుడు కనబడిన ఫంక్షన్‌కల్లా తగిలించినదాన్ని నేను.

పేరు చూసి అదేదో అలంకారం అనుకోకు. పైథాన్ ఆ ఫైలు చదివిన క్షణంలోనే, ఫలానా కబురొస్తే పిలవాల్సినవాళ్ల జాబితాలో నీ ఫంక్షన్ పేరు ఎక్కించేస్తుంది. ఫైలుని ఎవరూ ఇంపోర్ట్ చెయ్యకపోతే పేరే ఎక్కదు. ఎర్రర్ రాదు, ఎస్సెమ్మెస్సూ పోదు. యాప్ కాన్ఫిగ్‌లోని రెడీ మెథడ్‌లో సిగ్నల్స్ ఫైలుని ఇంపోర్ట్ చెయ్యమనేది అందుకే. ఈ ముక్క చెప్పేవాళ్లు లేక నాకో ఆదివారం మొత్తం పోయింది.

సిగ్నల్ అంటే ఊళ్లో దండోరా లాంటిది. వేసేవాడు వేసి పోతాడు, విన్నవాళ్లు ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ జాంగో దండోరావాడు ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, ఆ ఇంటివాళ్ల పని అయ్యేదాకా నిలబడి, అప్పుడు పక్కింటికి కదులుతాడు. నీ ఎస్సెమ్మెస్ గేట్‌వే పది సెకన్లు నానిస్తే కొనుక్కునేవాడి స్క్రీన్ పది సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఒక రిసీవర్‌లో ఎర్రర్ వచ్చిందంటే మిగతా గుమ్మాలకి కబురే అందదు, పైగా ఆ ఎర్రర్ నేరుగా వచ్చి సేవ్ చేసిన లైను మీద పడుతుంది.

నాకు తగిలిన దెబ్బ వేరే. అప్పుడు పనిచేసిన చోట ఆర్డర్ సేవ్ చెయ్యడం, స్టాక్ తగ్గించడం ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాను. పోస్ట్ సేవ్ వినే రిసీవర్ ఎస్సెమ్మెస్ పంపింది. ఆ వెంటనే స్టాక్ చాలక మొత్తం రోల్‌బ్యాక్ అయింది. డేటాబేస్‌లో ఆర్డర్ లేదు, కస్టమర్ ఫోన్‌లో మాత్రం "మీ ఆర్డర్ అందింది" అని ఉంది. ఆయన ఫోన్ చేసి నంబరు చదువుతుంటే మా వాళ్లు వెతికి వెతికి, అలాంటి ఆర్డరే లేదు పొమ్మన్నారు. ఆ సాయంత్రం నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను. పోస్ట్ సేవ్ అంటే సేవ్ అయిన తరువాత అనే తప్ప, కమిట్ అయిన తరువాత అని కాదమ్మా. బయటికి పోయే పని ఏదైనా ఆన్ కమిట్‌కి అప్పగించు. ట్రాన్సాక్షన్ నిలబడితేనే అది కదులుతుంది.

అన్నట్టు, రిసీవర్‌లో క్రియేటెడ్ చూస్తున్నావా? చూడకపోతే అడ్రసులో ఒక్క అక్షరం దిద్దినా ఇంకో ఎస్సెమ్మెస్ పోతుంది. క్వెరీసెట్ మీద అప్‌డేట్ కొట్టినా, బల్క్ క్రియేట్ చేసినా పోస్ట్ సేవ్ మోగనే మోగదు. అదీ గుర్తుంచుకో.

ఇంతకీ నీకు దండోరా దేనికి? ఆర్డర్ కోడ్ నీదే, ఎస్సెమ్మెస్ కోడ్ నీదే. మీ అమ్మ పెళ్లికి మీ అమ్మమ్మ ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచింది. ఎవరిని పిలిచిందో, ఎవరిని మరిచిందో ఆవిడకి తెలుసు. నువ్వూ ఆర్డర్ ఖాయం చేసే ఫంక్షన్‌లోంచే ఎస్సెమ్మెస్ ఫంక్షన్‌ని పేరు పెట్టి పిలువు. ఆర్నెల్ల తరువాత ఆ కోడ్ చదివే పిల్లాడికి ఏం జరుగుతోందో అక్కడే కనిపిస్తుంది. వీలైనంతవరకూ నేరుగా పిలవమనే జాంగో డాక్యుమెంటేషన్ కూడా చెబుతోంది. నువ్వు చెయ్యిపెట్టలేని పరాయి కోడ్ ఉంటుంది చూడు, ఎవరైనా లాగిన్ అయితే జాంగో తనే వేసే దండోరాలాంటిది, దాన్ని వినడానికి డెకరేటర్ పెట్టుకో. అక్కడ దాన్ని మించింది లేదు.

ఆ రిసీవర్‌ని ప్రొడక్షన్‌కి పంపకముందే ఒకసారి నాకు చూపించు. శనివారం పొద్దున్న ఇంట్లోనే ఉంటాను.

నీ పెద్దమ్మ