మతి చెదిరిన నిరాశ్రయుని హక్కు



కరీంనగర్ బస్టాండులోనో, ఆదిలాబాద్‌లో మస్జిద్ మెట్ల దగ్గరో తనలో తాను మాట్లాడుకుంటూ కూర్చున్న మనిషిని చూస్తూనే ఉంటాము. ఓ రూపాయి వేసి సదఖా అయిపోయిందనుకుంటాము. కాని అతనికి కావలసింది చికిత్స.

మతిస్థిమితం తప్పినవాని కర్మలు, అతను కోలుకునేవరకు వ్రాయబడవని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపారు. తొలగింది అతని బాధ్యతే, మనది కాదు! మందు లేకుండా అల్లాహ్ ఏ రోగాన్నీ పంపలేదని కూడా ఆయన బోధించారు. మనోవ్యాధి దీనికి మినహాయింపు కాదు. 1354లో అలెప్పోలో నెలకొల్పిన అర్గూన్ బీమారిస్తాన్‌లో మనోరోగులకు వైద్యం చేసేవారు.

మరి మన కాలంలో జరిగిందేమిటి? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు స్వస్థత కోసం తెచ్చిన రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో బంధించబడిన 28 మంది ప్రాణాలు కోల్పోయారు. దుఆ తప్పక చేయండి, కాని గొలుసు దుఆ కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. నిరాశ్రయునికి రేషన్ కార్డు లేకున్నా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత చికిత్స అతని హక్కు. వీధిలో తిరిగే రోగిని రక్షణలోకి తీసుకొని, 24 గంటల్లోగా ఆసుపత్రికి చేర్చవలసింది పోలీసులు. 14416 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది.

కనుక జుమా నమాజు తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి పోలీసులకు తెలపండి. ఆసుపత్రికి వెంట వెళ్ళండి. మందులు ఆగకుండా చూడండి. తన హక్కును తాను అడగలేనివాని తరఫున మనమే అడగాలి.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.